సేఫ్టీ స్టాప్ దగ్గర నిలవలేక పైకి తేలిపోతున్నాను: ఎన్ని కిలోల సీసం కట్టుకోవాలి?

కావలి కొత్త డైవర్:
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటి నుంచి కాగితం, కాలిక్యులేటర్ ముందేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు పదకొండు దాటింది. లెక్క తేలడం లేదు, నీళ్లలో నేను మాత్రం తేలిపోతున్నాను. స్కూబా డైవింగ్ కోర్సులో నడుముకు నాలుగు కిలోల సీసం కట్టుకుని చక్కగా మునిగిన నేను, మొన్న ఆదివారం పుదుచ్చేరిలో ఆరు కిలోలు కట్టుకుని కూడా చివర్లో సేఫ్టీ స్టాప్ దగ్గర, అంటే పైకి వచ్చే ముందు కాసేపు ఆగాల్సిన 5 మీటర్ల లోతులో, ఒక్క నిమిషం నిలవలేకపోయాను. వెంట ఉన్న ఇన్‌స్ట్రక్టర్ నా ఫిన్ (కాలికి తొడిగే తెడ్డు) పట్టుకుని లాగినా ఆగలేదు, బెండులా పైకి వచ్చేశాను. ఒంటి బరువులో పదో వంతు కట్టుకోవాలని ఒకరు, అంత అక్కరలేదని మరొకరు అంటున్నారు. నా బరువు 78 కిలోలు. ఆక్సిజన్ సిలిండర్ మామూలుదే, సూట్ కూడా మామూలుదే. శనివారం మళ్ళీ వెళ్తున్నాను కాబట్టి దయచేసి ఎవరైనా ఒక్క అంకె చెప్పండి.

మైపాడు డైవర్:
సూట్ మందం ఎంత? నాలుగు కిలోలు కొలనులోనా, సముద్రంలోనా? తేలినప్పుడు గేజ్‌లో ఎన్ని బార్ల ఒత్తిడి ఉంది, అంటే సిలిండర్‌లో గాలి ఎంత మిగిలింది? ఇవి తెలియకుండా చెప్పే అంకె పనికిరాదు.

ఒంగోలు ఫిజిక్స్ మాస్టారు:
ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక మాట సరిదిద్దడం నా బాధ్యత. మీరు వీపున మోసింది ఆక్సిజన్ సిలిండర్ కాదు, గాలి సిలిండర్. అందులో ఉండేది మనం పీల్చే గాలే. ఆక్సిజన్ సుమారు 21 శాతం, మిగిలినదంతా దాదాపు నత్రజనే. శుద్ధమైన ఆక్సిజన్ నింపుకుని దిగితే 6 మీటర్లు దాటేసరికి అదే విషమై మూర్ఛ రావచ్చు, నీళ్లలో మూర్ఛ వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పత్రికలు కూడా ఈ తప్పే రాస్తున్నాయి. పేరు తప్పుగా నేర్చుకున్నవాడు సిలిండర్‌పై ఉన్న చీటీ కూడా తప్పుగా చదువుతాడు.

సింగరాయకొండ వాసి:
మాస్టారూ, వంటింట్లో గ్యాస్ బండను అందరూ గ్యాస్ అనే అంటారు, అందులో ప్రొపేన్ ఎంత, బ్యూటేన్ ఎంత అని ఎవరూ అడగరు. ఆయన పైకి తేలిపోతుంటే మీరు పేరు సరిచేస్తున్నారు.

ఒంగోలు ఫిజిక్స్ మాస్టారు:
వంట గ్యాస్‌ను ఎవరూ పీల్చరు కాబట్టి ఆ పోలిక ఇక్కడ చెల్లదు. 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్ కూడా ఇప్పుడు అద్దెకు దొరుకుతోంది, దానితో సుమారు 33 మీటర్లకు మించి దిగకూడదు. ఏ సిలిండర్‌లో ఏముందో చూసుకోవలసినవాడు డైవరే.

కావలి కొత్త డైవర్:
గాలి సిలిండరే, మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. మైపాడు అన్నా, నాలుగు కిలోలన్నది కొలనులో శిక్షణ నాటి సంగతి. కోర్సులో భాగంగా చేసిన నాలుగు సముద్రపు డైవ్‌లలో బెల్టు ఇన్‌స్ట్రక్టరే కట్టారు, అందులో ఎంత సీసం ఉందో నేను అడగలేదు. సూట్ కొలనులో 3 మిల్లీమీటర్లది, పుదుచ్చేరిలో 5 మిల్లీమీటర్లదట. రెండూ నల్లగానే ఉన్నాయి కదా అని రాయలేదు. పైకి వచ్చేటప్పటికి గేజ్‌లో 40 బార్లున్నట్టు గుర్తు. దిగేటప్పుడు మాత్రం ఏ ఇబ్బందీ లేదు, లంగరు తాడు పట్టుకుని చకచకా దిగాను.

మైపాడు డైవర్:
తాడు పట్టుకుని లాక్కుంటూ దిగితే ఇబ్బంది ఎలా తెలుస్తుంది?

కొత్తపట్నం ఆక్వా రైతు:
నేను డైవర్‌ను కాను, రొయ్యల చెరువులవాణ్ని. అయినా ఉప్పు లెక్క నాకు తెలిసినంతగా మీకు తెలియదనుకుంటాను. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి, మంచినీరు లీటరు కిలో తూగితే అది 1.025 కిలోలు తూగుతుంది. మనిషి, సామాను కలిసి 100 లీటర్ల నీటిని పక్కకు తోస్తారనుకుందాం. సముద్రంలో రెండున్నర కిలోలు ఎక్కువగా తేలుతారన్నమాట. కొలనులో నాలుగు కిలోలు సరిపోతే, అదే సూట్‌తో సముద్రంలో ఆరున్నర కావాలి. మందపాటి సూట్ సంగతి దీనిలో కలపలేదు. అయితే మా తీరంలో అక్టోబరు, నవంబరు వానల తరువాత ఒడ్డు దగ్గర సెలినిటీ (ఉప్పుదనం) బాగా పడిపోతుంది. రిఫ్రాక్టోమీటర్‌లో ఒక్క చుక్క వేసి చూసుకుంటే తెలుస్తుంది, మీ డైవింగువాళ్లు ఆ పని ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

నెల్లూరు అక్క:
తమ్ముడూ, రైతుగారి లెక్క సరైనదే, కానీ నువ్వు చివర్లోనే ఎందుకు తేలావన్న ప్రశ్నకు అది జవాబు కాదు. సాధారణంగా అద్దెకిచ్చే అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది. అందులో 200 బార్ల గాలి నింపితే ఆ గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. 50 బార్లకు వచ్చేసరికి దాదాపు రెండు కిలోల గాలిని నువ్వు పీల్చి బుడగలుగా వదిలేసి ఉంటావు. మొదట్లో కొద్దిగా మునిగే ఆ సిలిండరే చివర్లో తేలడం మొదలుపెడుతుంది. దీనికి సూట్ కూడా తోడవుతుంది: 15 మీటర్ల లోతున ఒత్తిడికి అణిగిపోయి పలచబడిన రబ్బరు, 5 మీటర్ల దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ ఉబ్బి నిన్ను పైకి నెడుతుంది. మధ్యలో బాగానే ఉన్నానని నువ్వు అనుకోవడం అందుకే.

ఇంకో అనుమానం కూడా ఉంది. తేలిపోతున్నానని తెలియగానే నువ్వు తల కిందకు పెట్టి కాళ్లతో తన్ని ఉంటావు. కొత్తలో నేనూ అదే చేశాను. అలా చేస్తే బీసీడీలోని, అంటే తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లోని, గాలి నడుము వైపు చేరిపోతుంది, భుజం దగ్గర మీట ఎంత నొక్కినా బయటకు రాదు. నిలువుగా ఉన్నప్పుడు బీసీడీ గొట్టాన్ని తలకు పైగా ఎత్తి వదలాలి, తల కిందకు ఉంటే వెనక నడుము దగ్గరున్న తాడు లాగాలి. ఎక్కడ గాలి ఎత్తులో ఉందో అక్కడి నుంచే అది పోతుంది. కోర్సులో ఒకసారి చూపిస్తారు, భయంలో ఎవరికీ గుర్తుండదు. ఎలా తేలినా ఊపిరి మాత్రం బిగపట్టకు, 5 మీటర్ల నుంచి పైకి వచ్చేలోపే ఊపిరితిత్తులలోని గాలి ఒకటిన్నర రెట్లు అవుతుంది.

శనివారం ఎనిమిది కిలోలతో మొదలుపెట్టు, కానీ ఆ అంకెను నమ్మకు. దిగే ముందు నీటిపైన బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, గాలి పీల్చే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, మామూలు ఊపిరితో కదలకుండా నిలబడు. కాళ్లు ఆడిస్తే పరీక్ష చెడిపోతుంది. నీరు కళ్ల దాకా వచ్చి ఆగి, ఊపిరి వదలగానే మునిగితే ఆ క్షణానికి సరిపోయినట్టు. సిలిండర్ నిండుగా ఉంది కాబట్టి దానికి మరో రెండు కిలోలు కలుపు. అసలు పరీక్ష డైవ్ చివర్లోనే: 50 బార్లతో 5 మీటర్ల దగ్గర బీసీడీ ఖాళీగా ఉంచి నిలబడగలగాలి. భయపడి పది, పన్నెండు కట్టుకోకు. అదనపు సీసాన్ని మోయడానికి బీసీడీలో అదనపు గాలి నింపాలి, ఆ గాలే లోతు మారినప్పుడల్లా నిన్ను పైకీ కిందకీ ఊపుతుంది.

ఒంగోలు ఫిజిక్స్ మాస్టారు:
గాలికి బరువుందని విడమరచి చెప్పినందుకు సంతోషం. కానీ డైవర్లందరూ 50 బార్లున్న సిలిండర్‌ను ఖాళీ సిలిండర్ అంటారు, దానిలో ఇంకా 550 లీటర్ల గాలి ఉంటుంది. ఆ మాట మార్చుకోవాలి.

బిట్రగుంట నుంచి:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నా మాస్క్‌లోకి ముక్కు కింద నుంచి నీరు వస్తోంది. పట్టీ ఎంత బిగించినా ఆగడం లేదు, వాసెలిన్ రాసినా లాభం లేదు.

మైపాడు డైవర్:
మీసం ఉందా? పట్టీ వదులు చేయండి, బిగిస్తే సిలికాన్ అంచు ముడతపడి ఇంకా కారుతుంది. వాసెలిన్ మానేయండి, రబ్బరు భాగాలకు తగిలితే పాడవుతాయి. సిలికాన్ గ్రీజు వాడండి.

కావలి కొత్త డైవర్:
అక్కా, తల కిందకు పెట్టి తన్నిన మాట నిజమే. గొట్టం ఎత్తానో లేదో మాత్రం గుర్తు రావడం లేదు. సరే, ఎనిమిదితో చూస్తాను. అందరికీ ధన్యవాదాలు.

మైపాడు డైవర్:
గేజ్ చూసి, బార్లతో సహా రాయండి.

బిట్రగుంట నుంచి:
మీసం ఉంది. తీయకుండా వేరే మార్గం లేదా?