మౌస్ కదిపితేనే కాటా బరువు మారుతోంది: విండోకి సొంత ఈవెంట్ పంపడంపై చర్చ

దామలచెరువు_కాటా:
అందరికీ నమస్కారం. మా మామిడి మండీలో వే బ్రిడ్జి కోసం సీ భాషలో, ఎక్స్‌లిబ్‌తో (లినక్స్‌లో తెర మీది విండోలను నడిపే ఎక్స్ సర్వరుతో మాట్లాడే లైబ్రరీ) చిన్న ప్రోగ్రాం రాసినాను. ఒక థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే పని) సీరియల్ పోర్టు నుంచి బరువు చదివి, ఎక్స్‌సెండ్‌ఈవెంట్‌తో మా విండోకే క్లయింట్‌మెసేజ్ అనే ఈవెంట్ (కబురు) పంపుతుంది. మెయిన్ థ్రెడ్ దాన్ని అందుకొని పెద్ద అంకెల్లో చూపించాల. ట్రాక్టరు కాటా ఎక్కినా తెర మీద పాత బరువే ఉంటాది. మౌస్ కొంచెం కదిపితే టక్కున మారుతాది. తోతాపురి సీజన్, బయట బండ్లు వరసగా నిలబడి ఉండాయి. అంకె కళ్లారా చూడకుండా ఏ రైతూ బండి దించడు. ఎవరికైనా ఇట్లా అయ్యిందా?

అలిపిరి_సీ:
నాకూ అయ్యిందన్నా, రెండు రోజులు దాంతోనే పోయినాయి. ఎక్స్‌సెండ్‌ఈవెంట్ పిలవగానే ఈవెంట్ సర్వరుకి పోదు, ఎక్స్‌లిబ్ దాన్ని తన బఫర్లో (తాత్కాలిక నిల్వలో) పెట్టుకుంటుంది. మీ మెయిన్ థ్రెడ్, తర్వాతి ఈవెంట్ కోసం ఎదురుచూసే ఎక్స్‌నెక్స్ట్‌ఈవెంట్‌లో నిద్రపోతా ఉంటుంది. మౌస్ కదిలితే లేచి, ఆ పని చూసుకొని మళ్లీ ఎక్స్‌నెక్స్ట్‌ఈవెంట్‌కి వస్తుంది. అప్పుడు బఫర్ ఖాళీ అయ్యి, మీ మెసేజ్ సర్వరు దాకా వెళ్లి తిరిగొస్తుంది. పంపిన వెంటనే, బఫర్‌ని ఖాళీ చేసే ఎక్స్‌ఫ్లష్ పిలవండి, సరిపోతుంది.

ఒకటికంటే ఎక్కువ థ్రెడ్లు ఎక్స్‌లిబ్ వాడేలా సిద్ధం చేసే ఎక్స్‌ఇనిట్‌థ్రెడ్స్ అన్నిటికంటే ముందు పిలిచినారా? 2022లో వచ్చిన లిబ్‌ఎక్స్11 (ఎక్స్‌లిబ్ ప్యాకేజీ పేరు) 1.8 నుంచి మామూలుగా లైబ్రరీనే ఆ పని చేసుకుంటుంది. పాతదైతే మనమే పిలవాల.

దామలచెరువు_కాటా:
ఫ్లష్ పెట్టినాను, బరువు వెంటనే మారతా ఉండాది. చాలా థాంక్స్ తమ్ముడూ. కానీ ఇంకో చిక్కు. పాత 32 బిట్ కంప్యూటర్లో బాగా నడిచింది, కొత్త 64 బిట్ దాంట్లో మొదటి బండికే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీ ముట్టుకొని ప్రోగ్రాం కూలిపోవడం). బరువు, టోకెన్ నంబరు ఒక స్ట్రక్చర్లో పెట్టి, దాని పాయింటర్ని (మెమరీ అడ్రసుని) మెసేజ్ మొదటి గడిలో పంపుతా ఉన్నాను.

చిత్తూరు_మేడం:
పాయింటర్ పంపొద్దు నాయనా. ఈ తప్పు మా ల్యాబులో ఏటా పిల్లలు చేస్తారు, వాళ్లను తప్పు పట్టలేం. ఎక్స్ ఈవెంట్ మొత్తం 32 బైట్లు. అందులో క్లయింట్‌మెసేజ్ డేటాకి దక్కేది 20. ఫార్మాట్ 32 పెడితే ఐదు గడులు, గడికి 32 బిట్లు. సీలో ఆ గడి రకం లాంగ్ కాబట్టి 64 బిట్ మిషన్లో ఎనిమిది బైట్లుగా కనిపిస్తుంది, మోసపోయేది అక్కడే. పై సగం సర్వరుకి వెళ్లనే వెళ్లదు, మీకు తిరిగొచ్చేది సగం తెగిన అడ్రసు.

అయినా మీకు పాయింటర్ ఎందుకు? కిలోల్లో బరువు ఒక గడి, టోకెన్ ఒక గడి, అంకె నిలకడగా ఉందా లేదా అన్నది ఒక గడి. ఇంకా రెండు గడులు మిగులుతాయి.

ఎస్వీ_హాస్టల్:
మేడం, నాది వేరే సమస్య. రెండు వేర్వేరు ప్రోగ్రాములు. ఒకటి పంపుతుంది, రెండోదానికి అందదు. ఈవెంట్ ఎవరికి చేరాలో చెప్పే ఈవెంట్ మాస్క్‌లో కీప్రెస్‌మాస్క్ (కీ నొక్కుళ్లకు వాడేది) పెట్టినాను.

చిత్తూరు_మేడం:
మాస్క్ ఇస్తే, ఆ విండో మీద ఆ రకం ఈవెంట్లు కోరుకున్న క్లయింట్లకే వెళ్తుంది. సున్నా పెట్టు, విండోని సృష్టించిన ప్రోగ్రాముకే నేరుగా చేరుతుంది. మెసేజ్ రకానికి ఆటమ్ నంబరు (పేరుకి సర్వరు ఇచ్చే నంబరు) కోడ్‌లో గట్టిగా రాసేసినావా? రాసుంటే తీసెయ్. రెండు వైపులా ఒకే పేరుతో ఎక్స్‌ఇంటర్న్‌ఆటమ్ పిలిస్తే ఒకే నంబరు వస్తుంది. సర్వరు మళ్లీ మొదలైతే అది మారొచ్చు.

రేణిగుంట_క్యూటీ:
క్యూటీ (సీ++లో విండోలు రాసే లైబ్రరీ) వాడేవాళ్లకు ఒక మాట. వేరే థ్రెడ్ నుంచి అయితే, ఈవెంట్‌ని క్యూలో వేసే పోస్ట్‌ఈవెంటే వాడండి, కానీ ఈవెంట్‌ని న్యూతో సృష్టించి ఇవ్వాల. క్యూ దాన్ని సొంతం చేసుకొని, పని అయ్యాక తానే చెరిపేస్తుంది. నేను స్టాక్ మీది (ఫంక్షన్ ముగియగానే పోయే) ఆబ్జెక్ట్ ఇచ్చి, ఎప్పుడో ఒకసారి కూలిపోయే ప్రోగ్రాంతో నెల రోజులు తిప్పలు పడినాను. సొంత రకాల నంబర్లు 1000 నుంచి మొదలు.

అలిపిరి_సీ:
కాటా అన్నా, ఇది నా గట్టి అభిప్రాయం. రెండు థ్రెడ్లూ ఒకే ప్రోగ్రాంలో ఉన్నప్పుడు కబురు సర్వరు దాకా వెళ్లి రావడం దేనికి? ఈవెంట్‌ఎఫ్‌డీ (థ్రెడ్‌ని నిద్రలేపే గంట లాంటిది, లినక్స్‌లో ఉంటుంది) ఒకటి తెరవండి. బరువును మ్యూటెక్స్ (ఒకేసారి రెండు థ్రెడ్లు ముట్టుకోకుండా వేసే తాళం) కింద మీ క్యూలో వేసి, ఈవెంట్‌ఎఫ్‌డీకి ఎనిమిది బైట్లు రాయండి. మెయిన్ థ్రెడ్ పోల్‌లో (ఏదో ఒకదాంట్లో కబురు వచ్చేదాకా ఆగే పిలుపులో) ఎక్స్ కనెక్షన్‌నీ, దీన్నీ కలిపి కాపలా కాస్తుంది. రేపు వేలాండ్‌కి (ఎక్స్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతికి) మారినా ఈ పద్ధతి నిలుస్తుంది. అక్కడ ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం విండోకి ఈవెంట్ పంపే దారే లేదు.

దామలచెరువు_కాటా:
నిన్న రాత్రి మార్చినాను. మొదట ఒక దెబ్బ తగిలింది: బరువు మారతా ఉండాది గానీ, బటన్ నొక్కితే కొన్నిసార్లు పలకదు. ఎక్స్‌లిబ్ సాకెట్ (ఎక్స్ కనెక్షన్) నుంచి ఈవెంట్లను ముందే చదివి తన క్యూలో పెట్టేసుకుంటే, సాకెట్లో ఏమీ లేదని పోల్ అట్లే నిద్రపోతా ఉండాది. పోల్‌కి పోయే ముందు ప్రతిసారీ ఎక్స్‌పెండింగ్ (మిగిలిన ఈవెంట్ల లెక్క చెప్పేది) సున్నా అయ్యేదాకా ఈవెంట్లన్నీ తీసేస్తే సరిపోయింది. బఫర్‌ని ఫ్లష్ చేసే పని కూడా అదే చూసుకుంటాది.

గేటు దగ్గర రైతులకు బరువు చూపించే రెండో తెర వేరే ప్రోగ్రాం, అదీ ఇదే ఎక్స్ సర్వరు మీద నడుస్తాది. దానికి మాత్రం క్లయింట్‌మెసేజే ఉంచినాను, మేడం చెప్పిన మూడు గడులతో. పొద్దున్నుంచి బండ్లు దిగతానే ఉండాయి, మౌస్ ముట్టుకోలేదు.