'పిన్' అంటే 'బిన్' అని వినిపిస్తోంది: ప్రాట్ తెర మీద ఏం చూపించాలి?

ప్రశ్న:
ఇంటర్ పిల్లలకి స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నానండి. పదం మొదట్లో ప, ట, క లని మనవాళ్లు ఊపిరి వదలకుండా పలుకుతారు కాబట్టి ఇంగ్లీషు సొంతభాషగా ఉన్నవాళ్లకి 'పిన్' కాస్తా 'బిన్' అయిపోతోంది. చెవికి తేడా అందట్లేదని, కంటికి చూపిద్దామని లాప్‌టాప్‌లో ప్రాట్ (మాటల శబ్దాన్ని బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్) వేశాను. దేన్ని చూడమనాలి? 'ఫ లాగా పలకండి' అంటే చాలా?

జవాబు 1:
ఒక్క ఎడం చూపిస్తే చాలండి. రికార్డింగుని 'వ్యూ అండ్ ఎడిట్'లో తెరిచి, అర సెకను మాత్రమే కనబడేలా జూమ్ చేయండి. పెదాలు విడిన చోట ఒక సన్నటి నిలువు గీత ఉంటుంది. అచ్చు మొదలయ్యాక చారలు వరసగా పడతాయి. ఈ రెంటి నడుమ మౌస్‌తో లాగితే పైన సెకన్లలో అంకె వస్తుంది. 0.015 దగ్గరుంటే అది మన ప. ఇంగ్లీషుకి 0.060 దాకా పోవాలి. ఫార్మెంట్ల (నోటిలోని ప్రతిధ్వనుల) ఎర్రచుక్కలు, పిచ్ (గొంతు స్థాయి) గీత ఆపేయండి, లేకపోతే పిల్లల చూపు వాటి మీదికే పోతుంది. క తో మొదలుపెట్టొద్దు, దానికి ఊపిరి లేకపోయినా ఎడం కాస్త ఎక్కువే.

జవాబు 2:
'ఫ' అని మాత్రం అనకండి! రాసేది ప కి ఒత్తే అయినా, ఇప్పుడు ఎక్కువమంది పలికేది 'ఫ్యాన్'లో ఫ. పిల్లలు 'ఫిన్' అనేస్తారు. తెర మీద ఇట్టే తెలిసిపోతుంది: విడుపు గీత ఉండదు, మొదటి నుంచీ మసకే (ఊపిరి రొద తెర మీద అలా కనబడుతుంది). కావలసింది ముందు గీత, తర్వాత మసక. 'ప్... హిన్' అని విడదీసి పలికించి, మెల్లగా దగ్గరికి తెండి. పక్కనే 'స్పిన్' కూడా పెట్టండి. అక్కడ ఊపిరి ఉండకూడదు, మన ప అచ్చంగా సరిపోతుంది. కొత్తగా నేర్చినవాళ్లు దాన్నీ పాడుచేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ఫోన్‌లో రికార్డు చేస్తే ఎడం ఉంది గానీ మసక కనబడట్లేదు.

జవాబు 1:
నాయిస్ సప్రెషన్ పనండీ అది. ఊపిరిని కూడా ఫ్యాన్ రొద కింద జమకట్టి తుడిచేస్తుంది. ఆపేసి, వేవ్ ఫైలుగా 44100 హెర్ట్జ్‌లో తీయండి. మైకు జానెడు దూరంలో, మూతికి కొంచెం పక్కగా ఉండాలి. ఎదురుగా పెడితే ఊపిరి తగిలి అడుగున నల్లటి మరక పడుతుంది, గీత ఎక్కడో తెలియదు. అంకె నాలుగైదుసార్లు 0.050 దాటాక తెర తిప్పేసి, 'ఇప్పుడు వచ్చిందా, రాలేదా?' అని ముందు వాళ్లనే అడిగి, తర్వాత చూపించండి. లేకపోతే తెర ఉంటేనే పలుకుతారు.