దవడ తిత్తుల కేస్ రిపోర్ట్‌లో పండ్ల ఈగ ప్రస్తావన ఎందుకు?

ప్రశ్న: ఓరల్ మెడిసిన్ పీజీ విద్యార్థిని, బెంగళూరు

నమస్కారం. మాది అనంతపురం. బెంగళూరులో ఓరల్ మెడిసిన్, రేడియాలజీ విభాగంలో ఎండీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పై కోరపన్ను ఇంకా రాలేదని తల్లి వెంట మా ఓపీకి వచ్చిన ఒక అబ్బాయి కేసును రాసే పని నాకు అప్పగించారు (వయసు, ఊరు వంటి వివరాలు కావాలనే ఇవ్వడం లేదు). ఓపీజీ (రెండు దవడలనూ ఒకేసారి చూపే ఎక్స్‌రే) తీస్తే, రాని కోరపన్ను చుట్టూ ఒక నల్లని ఖాళీ, కింది దవడ ఎడమ మూలలో జ్ఞానదంతం మొగ్గ వెనుక నుంచి పైకి పాకిన మరో ఖాళీ కనిపించాయి. రెండింటి బయాప్సీలోనూ ఓడోంటోజెనిక్ కెరటోసిస్ట్ (పంటి కణజాలం నుంచి పుట్టే ఒక రకం దవడ తిత్తి) అనే వచ్చింది. అబ్బాయికి నొప్పి లేదు, వాపూ లేదు.

చర్చాభాగంలో హెడ్జ్‌హాగ్ సంకేత మార్గం (ఎదిగే కణాలకు సూచనలు అందించే జన్యువుల వరుస) గురించి ఒక పేరా ఉండాలని మా గైడ్ గారు చెప్పారు. అందుకోసం ఇప్పటికే అచ్చయిన కేస్ రిపోర్టులు వరుసగా చదివాను. నేను చూసినవాటిలో దాదాపు అన్నింటిలోనూ ఈ జన్యువులను మొదట పండ్ల ఈగలో కనుగొన్నారన్న ఒక వాక్యం, దాని వెనుక ప్యాచ్డ్, స్మూదెన్డ్ అన్న పేర్లు, వెంటనే శస్త్రచికిత్స వివరాలు ఉన్నాయి. ఆ వాక్యం తీసేసినా రిపోర్టుకు వచ్చే లోటేమీ నాకు కనిపించలేదు. పళ్లే లేని ఈగకూ మా రోగి దవడకూ ఉన్న సంబంధం చికిత్సకు నిజంగా పనికివచ్చేదేనా, లేక సమీక్షకుల మెప్పు కోసం పెట్టే అలంకారమా? ఈగల మీద పనిచేసేవారు, ఇలాంటి కేసులు చూసినవారు ఇక్కడ ఉన్నారన్న నమ్మకంతో అడుగుతున్నాను. ఈ ఊళ్లోనే ఈగల ల్యాబులు ఉన్నాయి కదా, మా రోగి నమూనాను అలాంటి చోటికి పంపి ఏమైనా తేల్చుకోవచ్చా?

జవాబు: ఈగల జన్యుశాస్త్ర పరిశోధకుడు, బెంగళూరు

మీరు చదివిన రిపోర్టుల్లో ఆ వాక్యం అలంకారంగానే మిగిలిపోయిందన్న మాట నేనూ ఒప్పుకుంటాను. ఈగ నుంచి నేర్చుకున్న అసలు విషయాన్ని వదిలేసి, ఎక్కడ దొరికిందన్న చరిత్రను మాత్రమే రాస్తే అలాగే ఉంటుంది.

1970ల చివర హైడెల్‌బర్గ్‌లో క్రిస్టియానే న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ కలిసి, ఈగ పిండంలో శరీర ఖండాల అమరికను చెడగొట్టే ఉత్పరివర్తనాల కోసం వేల సంఖ్యలో ఈగల వంశాలను గాలించారు. తొలి ఫలితాలు 1980లో నేచర్ పత్రికలో వచ్చాయి. 1995లో ఎడ్వర్డ్ లూయిస్‌తో పాటు వారికి నోబెల్ బహుమతి లభించింది. మామూలు లార్వా పొట్టవైపు ప్రతి ఖండంలోనూ సన్నని కొక్కేల పట్టీ ఒకటి, దాని వెనుక నున్నని చోటు ఉంటాయి. హెడ్జ్‌హాగ్ లోపించిన లార్వాలో ఆ నున్నని చోటు పోయి ఒళ్లంతా కొక్కేలే మిగులుతాయి. అవి బయటి క్యూటికిల్ పొర మీద మొలిచేవి, పంటితో వాటికి ఏ సంబంధమూ లేదు.

ఇంతవరకు చరిత్ర. మీ పేరాలో ఉండవలసింది దీని తర్వాతి కథ. ఏ జన్యువు ఏ జన్యువును అదుపు చేస్తుందో తెలుసుకోవడానికి ఈగలో ఒక సులువైన దారి ఉంది: రెండు జన్యువులనూ ఒకే పిండంలో తీసేసి చూడటం. హెడ్జ్‌హాగ్ లేని పిండంలో వింగ్‌లెస్ అనే మరో జన్యువు పని కొనసాగక ఆగిపోతుంది. ప్యాచ్డ్ లేని పిండంలో అదే వింగ్‌లెస్ ఉండకూడని చోటికి కూడా విస్తరిస్తుంది. హెడ్జ్‌హాగ్, ప్యాచ్డ్ రెండూ లేకపోతే పిండం ఎవరి పోలికతో ఉంటుంది? ప్యాచ్డ్ ఒక్కటే లేని పిండం పోలికతోనే ఉంటుంది. అంటే హెడ్జ్‌హాగ్ ఇక్కడ చేసే పనల్లా ప్యాచ్డ్‌ను అడ్డు తొలగించడమే; అసలు ప్యాచ్డే లేనప్పుడు హెడ్జ్‌హాగ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇదే పద్ధతిలో, ప్యాచ్డ్ అదుపులో ఉండేది స్మూదెన్డ్ అనీ, దాని కింద చివరన జన్యువులను నడిపించేది సైటస్ ఇంటరప్టస్ అనీ తేలింది. ఈ చివరిదానికి మనలో సమానమైనవి గ్లీ ప్రోటీన్లు. రోగులను ఎంతమందిని చూసినా ఈ వరుస క్రమం బయటపడేది కాదని నా అభిప్రాయం, ఎందుకంటే మనిషిలో రెండు జన్యువులను కోరి తీసేసి చూసే వీలు లేదు.

1996లో రెండు బృందాలు, గోర్లిన్ సిండ్రోమ్‌కు (దవడ తిత్తులు, చర్మ క్యాన్సర్లు వచ్చే వంశపారంపర్య రోగం) కారణమైన తొమ్మిదో క్రోమోజోమ్ మీది జన్యువు ప్యాచ్డ్‌కు మనిషి రూపమైన పీటీసీహెచ్1 అని చూపించాయి. ఆ రోజుకే ఈగల వాళ్ల దగ్గర వరుస క్రమం సిద్ధంగా ఉంది కనుక, ప్యాచ్డ్ పోయిన కణంలో స్మూదెన్డ్ ఎవరి పిలుపూ అవసరం లేకుండానే పనిచేస్తూ ఉంటుందని వెంటనే అర్థమైంది. దీని నుంచి చికిత్సకు నేరుగా ఒక నిర్ణయం వచ్చింది: ఇలాంటి కణాల్లో హెడ్జ్‌హాగ్‌ను అడ్డుకునే మందు వృథా, స్మూదెన్డ్‌ను గానీ దాని కింద ఉన్నవాటిని గానీ అడ్డుకోవాలి. ముదిరిన బేసల్ సెల్ క్యాన్సర్ అనే చర్మ క్యాన్సర్‌కు 2012లో అమెరికాలో అనుమతి పొందిన విస్మోడెగిబ్ సరిగ్గా స్మూదెన్డ్ మీదనే పనిచేస్తుంది. గోర్లిన్ రోగులకు ఆ మందు ఇచ్చినప్పుడు దవడ తిత్తులు కూడా కుంచించుకుపోయిన కేసులు ప్రచురితమయ్యాయి.

ఈగతో చెప్పలేనిది కూడా రాయండి. మన కణాల్లో ఈ సంకేతం ప్రైమరీ సీలియం అనే సన్నని పోగు ద్వారా నడుస్తుంది. ఈగలో సీలియా ఉండేది జ్ఞాననాడీ కణాలకు, శుక్రకణాలకు మాత్రమే. రెక్కగా మారే కణాలకు అవి లేకుండానే ఇదే మార్గం నడుస్తుంది. సీలియం పాత్ర బయటపడింది ఎలుకల మీది పరిశోధనలో.

ఇక నమూనా సంగతి. ఈగల ల్యాబ్‌కు పంపితే ఉపయోగం లేదు. జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో, దాని వ్యవస్థాపకుడు ఒబైద్ సిద్దిఖీ గారి కాలం నుంచి వాసన, నాడీవ్యవస్థ, కండరాల ఎదుగుదల వంటి మూల ప్రశ్నల మీద ఈగలతో పని జరుగుతూ వచ్చింది. అది రోగనిర్ధారణ చేసే చోటు కాదు. మీకు కావలసింది అబ్బాయి రక్తం నుంచి తీసిన డీఎన్ఏలో పీటీసీహెచ్1 క్రమాన్ని చదివించడం. అందులో అర్థం తేలని మార్పు కనిపించి, అది పనిని చెడగొడుతుందో లేదో పరీక్షించవలసి వచ్చినా, ఎలుక నుంచి వచ్చిన ఎన్ఐహెచ్-3టీ3 కణాల్లో గ్లీ ప్రతిస్పందనను కొలవడమే మెరుగైన దారి.

జవాబు: మాక్సిల్లోఫేషియల్ సర్జన్, బెంగళూరు

అమ్మా, పై జవాబు బాగుంది, దాన్ని భద్రపరచుకో. అయితే పేరా రాయడానికి ముందు అబ్బాయిని మళ్లీ పిలిపించు. ఈ వయసులో ఒకటికి మించి కెరటోసిస్టులు ఉన్నాయంటే ఎవరైనా మొదట అనుమానించవలసింది గోర్లిన్ సిండ్రోమే, కానీ నీ ప్రశ్నలో అరచేతుల ఊసే లేదు. అరచేతులను, అరికాళ్లను కాసేపు గోరువెచ్చని నీటిలో ఉంచి మంచి వెలుతురులో చూస్తే, గుండుసూదితో గుచ్చినట్టుండే చిన్న గుంటలు స్పష్టంగా తెలుస్తాయి. తల చుట్టుకొలత కొలువు. ఛాతీ ఎక్స్‌రేలో చీలిన పక్కటెముకల కోసం, తల ఎక్స్‌రేలో మెదడు రెండు అర్ధభాగాల మధ్య ఉండే ఫాల్క్స్ సెరెబ్రై పొర మీద సున్నం పేరుకుందేమో అని చూడాలి. దవడ తిత్తి ఒక ప్రధాన లక్షణం. మరో ప్రధాన లక్షణమో, రెండు అప్రధాన లక్షణాలో కలిస్తే నిర్ధారణకు చాలు.

ఈ సిండ్రోమ్‌ను 1960లో చర్మవైద్యుడు గోల్ట్జ్‌తో కలిసి వర్ణించిన రాబర్ట్ గోర్లిన్ దంతవైద్యుడు, ఓరల్ పాథాలజిస్టు. మన దగ్గర ఈ రోగం మొదట దంతవైద్యుల కంటపడటానికి ఇంకో కారణం ఉంది. తెల్లచర్మం వారిలో లాగా మనవారిలో బేసల్ సెల్ క్యాన్సర్లు అంత తొందరగా, అంత ఎక్కువగా రావు. చర్మం మీద ఏమీ లేదు గనుక సిండ్రోమ్ కాదని ధీమాగా రాసిన కేసులు చదివినప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది.

ఈగ కథలో నాకు పనికివచ్చిన ముక్క మరొకటి ఉంది. పుట్టుకతోనే ప్రతి కణంలో పీటీసీహెచ్1 ఒక ప్రతి చెడిపోయి ఉన్న పిల్లవాడికి రేడియేషన్ మిగిలిన ప్రతినీ దెబ్బతీయగలదు. మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు కణితికి రేడియోథెరపీ ఇచ్చిన గోర్లిన్ పిల్లల్లో, కిరణాలు తగిలిన మేరకు చర్మ క్యాన్సర్లు గుంపుగా లేచిన ఉదాహరణలు ఉన్నాయి. కాబట్టి అడిగిన ప్రతివారికీ సీబీసీటీ (దవడల 3డీ ఎక్స్‌రే స్కాన్) తీసిపెట్టకుండా, ఎంఆర్ఐతో పని జరిగేచోట దానితోనే సరిపెట్టు. ఇది నీ రేడియాలజీ శాఖకే చెందిన విషయం, దీన్ని చర్చాభాగంలో తప్పక రాయి.

ప్రశ్న అడిగినవారు

సర్, మీరు చెప్పినట్టే పిలిపించి చూశాము. రెండు అరచేతుల్లోనూ గుంటలు మూడుకు మించి ఉన్నాయి. ఛాతీ ఎక్స్‌రేలో ఒక పక్కటెముక కొన చీలి ఉంది. ఈసారి తండ్రి కూడా వచ్చారు. ఆయనకు యువకుడిగా ఉన్నప్పుడు దవడలో నీటి తిత్తి తీశారని, తర్వాత అదే చోట మళ్లీ వచ్చిందని చెప్పారు. పాత కాగితాలేవీ లేవు. జన్యు పరీక్ష ఖర్చు వారికి భారం. పరీక్ష లేకుండానే పీటీసీహెచ్1 మార్పు వల్ల వచ్చిందని రాయవచ్చా?

జవాబు: పిల్లల దంతవైద్యురాలు, చెన్నై

రాయకూడదండీ. సిండ్రోమ్ ప్రమాణాలకు సరిపోయిందని రాయండి, జన్యువు పేరును మాత్రం అవకాశంగానే ఉంచండి. గోర్లిన్‌కు సూఫూ అనే జన్యువు కూడా కారణం కావచ్చు. అయితే సూఫూ కుటుంబాల్లో దవడ తిత్తులు అరుదు, మెడుల్లోబ్లాస్టోమా ముప్పు ఎక్కువ. అందువల్ల మీ కేసులో పీటీసీహెచ్1 వైపే మొగ్గు ఉంటుంది. ఆ కారణాన్ని ఒక వాక్యంలో చెబితే మీ పేరా ఊహాగానంలా ఉండదు.

ఈగల పరిశోధకుడు గారితో ఒకచోట విభేదిస్తాను. రోగుల నుంచి మార్గం వరుస తెలియదన్నది నిజమే కావచ్చు, కానీ వరుస తెలిసినంత మాత్రాన పంటికి ఏమవుతుందో తెలియదు. మీరే పేర్కొన్న వింగ్‌లెస్‌ను తీసుకోండి. రెక్కలు లేని ఆ ఈగను 1973లో వర్ణించినవారు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థకు చెందిన ఆర్.పి. శర్మ, మన దేశంలో దొరికిన ఈ ఈగ గురించి మన దంతవైద్య కళాశాలల్లో ఎవరూ చెప్పరు. నూసే, వార్మస్ 1982లో ఎలుకల రొమ్ము కణితుల్లో కనుగొన్న జన్యువూ, ఇదీ ఒకటేనని 1987లో తేలింది. వింగ్‌లెస్ నడిపే ఈ సంకేత మార్గంలో ఏపీసీ, యాక్సిన్2 అనే జన్యువులు రెండూ అడ్డుకట్టలే. ఏపీసీ చెడితే వచ్చే గార్డ్‌నర్ సిండ్రోమ్‌లో దవడ ఎముక గడ్డలు, అదనపు దంతాలు, ఓడోంటోమాలు (పంటి కణజాలపు గడ్డలు) కనిపిస్తాయి. యాక్సిన్2 చెడిన ఫిన్లాండ్ కుటుంబంలో మాత్రం, 2004లో ప్రచురితమైన వివరాల ప్రకారం, చాలా శాశ్వత దంతాలు అసలు పుట్టనే లేదు. పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండు చోట్లా ఉంది. అడ్డుకట్ట ఏది తెగినా సంకేతం పెరగాలని మార్గం పటం చెబుతుంది, పళ్ల సంఖ్య మాత్రం ఒకచోట పెరిగి, మరోచోట తగ్గింది. పంటి మొగ్గలో సంకేతం ఏ దశలో, ఏ పొరలో, ఎంత మోతాదులో మారిందన్న దాన్ని బట్టి ఫలితం మారుతుందని నేను అనుకుంటాను. ఆ తేడా ముందుగా కనిపించింది రోగుల నోళ్లలోనే, ఈగ రెక్కలో కాదు. అందుకే జ్ఞానదంతాలు కాక ఆరు లేదా అంతకు మించి శాశ్వత దంతాలు లేని పిల్లలు వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా అని అడగడం నేను అలవాటుగా పెట్టుకున్నాను.

జవాబు: ఈగల జన్యుశాస్త్ర పరిశోధకుడు

మీ అభ్యంతరం సబబే, మేడమ్. ఈగ నుంచి వచ్చేది వరుస మాత్రమే, మోతాదుకు పంటి మొగ్గ ఎలా స్పందిస్తుందన్నది ఎలుకల్లోనూ మనుషుల్లోనూ చూడవలసిందే. ఎలుక పిల్లల నోటి పైపొరలో ఈ వింగ్‌లెస్ మార్గాన్ని ఎడతెగకుండా నడిపిస్తే అదనపు పళ్లు పుట్టుకొచ్చాయన్న ఫలితం మీ గార్డ్‌నర్ ఉదాహరణకు దగ్గరగా ఉంది. యాక్సిన్2 కేసుకు అంత తేలికైన జవాబు లేదు.

జవాబు: మాక్సిల్లోఫేషియల్ సర్జన్

అమ్మా, అరచేతి గుంటలతోనే నిర్ధారణ పూర్తయింది, పరీక్ష కోసం చికిత్స ఆపవద్దు. కోరపన్ను దగ్గరి తిత్తిని ముందు డీకంప్రెషన్‌తో (తిత్తికి చిన్న రంధ్రం పెట్టి లోపలి ఒత్తిడి తగ్గించడం) కుదించనిస్తే ఆ పన్ను దిగివచ్చే అవకాశం దక్కుతుంది. మిగిలిన పొరను తర్వాత పూర్తిగా తీయవచ్చు. వెనుక తిత్తికి కూడా అదే వరుస, చివర ఎముక గోడను కొద్దిగా చెక్కాలి. మిగిలిన తిత్తి కణాలను చంపే కార్నాయ్ ద్రావణం వాడదలిస్తే కింది దవడ నాడి ఎంత దగ్గరగా ఉందో చూసుకుని నిర్ణయించండి. పైన చెప్పిన విస్మోడెగిబ్‌ను ఈ వయసు పిల్లలకు తలపెట్టవద్దు, ఎదిగే ఎముకల కొనలు ముందుగానే మూసుకుపోయే ప్రమాదం ఉంది. సిండ్రోమ్ ఉన్నవారిలో పాత తిత్తి తిరిగి రావడం, కొత్తది పుట్టడం రెండూ జరుగుతాయి కనుక ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలని తల్లిదండ్రులకు తెలుగులోనే, నిదానంగా చెప్పు. తండ్రిని చర్మవైద్యుల దగ్గరికి పంపు. ఆయన అరచేతులు కూడా నువ్వే చూసి రాసుకో. తండ్రి వివరాలు ప్రచురించాలంటే ఆయన సమ్మతి పత్రం వేరుగా తీసుకోవాలి. అబ్బాయి విషయంలో తల్లిదండ్రుల సంతకంతో పాటు, అబ్బాయికి కూడా విషయం చెప్పి అతని ఒప్పుకోలు నమోదు చేయి.