సొంత ఈకలు పీక్కుని గూడు పరిచే బాతు నిజంగా ఉందా?

గండిపేట గాలి:
ఆన్‌లైన్‌లో రజాయి వెతుకుతుంటే "ఈడర్‌డౌన్" అని ఒకటి కనబడింది, రేటు చూసి సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టాను, లక్షల్లో ఉంది. ఉత్తర ధ్రువం వైపు సముద్రాల్లో బతికే ఈడర్ అనే బాతు ఈకలట, అది తన పొట్ట మీది మెత్తటి ఈకలు తనే పీక్కుని గూట్లో పరుస్తుందట. మా ఆవిడ "అదంతా అమ్ముకోడానికి చెప్పే కథ, చంపే పీకుతారు" అంటోంది. మా వాడేమో ఈ బాతును అమీన్‌పూర్ చెరువులో చూశానని ఒట్టేస్తున్నాడు. ఎవరు రైటు?

చెరువుగట్టు:
మీ వాడు చూసింది సూదితోక బాతో, చెంచామూతి బాతో అయ్యుంటుంది, చలికాలం అక్కడ అవి దిగుతాయి. ఈడర్ మన వైపు రాదు. దానికి ఉప్పునీళ్ళు, ఆల్చిప్పలు కావాలి. అడుగుకు మునిగి ఆల్చిప్పను పెంకుతో సహా గుటుక్కున మింగేస్తుంది, ఆ పెంకును పిండి చేసే పని కందనకాయది, అదే, చికెన్ షాపులో మనం ఎక్స్‌ట్రా అడిగి వేయించుకునేది. మంచు ముంచుకొస్తే గడ్డకట్టని నీళ్ళ దాకా జరుగుతుంది తప్ప ఇంత దూరం వచ్చి మన గుర్రపుడెక్కలో ఏం చేస్తుంది?

బూరుగుదూది:
ఈకల విషయంలో మాత్రం కథ నిజమే. మా అక్కావాళ్ళు నార్వేలో ఉన్నప్పుడు వెళ్తే ఒకాయన గుప్పెడు ఈకలు నా అరచేతిలో పెట్టాడు. బరువే తెలియలేదు, కాసేపటికి చెయ్యి మాత్రం చెమట పట్టింది. ఊదితే బూరుగుదూదిలా ఎగిరిపోతుందనుకున్నా, కదల్లేదు, పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా ఉండిపోయాయి. అక్కడి ఈదురుగాలికి గూట్లోంచి కొట్టుకుపోనిది అందుకే.

చంపడమంటారా, ఐస్‌లాండ్‌లో 1847 నుంచీ ఈ బాతుకు చట్టం రక్షణ ఉంది. పిల్లలు గూడు వదిలాక మిగిలిన ఈకల్ని చేత్తో ఏరతారు, కొందరు పొదిగేటప్పుడే కొంచెం తీసి ఎండుగడ్డి పెడతారు. శుభ్రం చేశాక కిలో రావాలంటే దాదాపు 60 గూళ్ళు కావాలి, మీరు లెక్కపెట్టిన సున్నాలు అక్కడివే. ఆ ఈకల కోసం రైతులు నక్కలు రాకుండా రాత్రుళ్ళు కాపలా కాస్తారు. నార్వేలోని వేగా దీవుల్లోనైతే ఈ బాతులకు చిన్న చిన్న ఇళ్ళే కట్టిపెడతారు, యునెస్కో 2004లో ఆ దీవుల్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

కొండాపూర్ పిట్ట:
తల్లి సంగతి వదిలేశారేంటి? సుమారు 25 రోజులు దాదాపు ఏమీ తినకుండా పొదుగుతుంది, ఒంట్లో కొవ్వంతా కరిగి చిక్కి సగమవుతుంది. ఎవరైనా ఉలిక్కిపడేలా మీదికొస్తే లేచిపోతూ గుడ్ల మీద భరించలేని కంపు కొట్టే రెట్ట వేసి మరీ పోతుంది, తర్వాత ఆ గుడ్ల జోలికి వెళ్ళబుద్ధి కాదు. ఆడది పొదగడం మొదలెట్టగానే మగది జారుకుంటుంది. పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే నీళ్ళలోకి దిగుతాయి, నాలుగైదిళ్ళ పిల్లలు ఒక్క గుంపైతే తల్లులతో పాటు పిన్నమ్మలు కూడా కాపలా.

ఆ మగదాని కూత ఒకసారి వినండి, "ఊఁ... అవునా!" అన్నట్టుంటుంది, అచ్చం మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర కబుర్లలా.

కళ్ళజోడు పెట్టుకున్నట్టుండే ఇంకో ఈడర్ ఉంది. అది చలికాలం ఎక్కడికి పోతుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1995లో ట్రాన్స్‌మిటర్ కట్టిన పక్షుల సిగ్నల్ పట్టుకుని వెళ్తే బేరింగ్ సముద్రంలో మంచు పలకల మధ్య సందుల్లో వేలకు వేలు కిక్కిరిసి కనబడ్డాయి!

గండిపేట గాలి:
అందరికీ థాంక్స్. చంపరని మా ఆవిడ ఒప్పుకుంది, కొనడానికి మాత్రం ఒప్పుకోలేదు, పాత బొంతే మళ్ళీ దూది ఏకించమంది. పైగా ఆ "జారుకుంటుంది" దగ్గర ఆగి నా వైపు ఒక చూపు చూసింది. మా వాడింకా తగ్గలేదు, ఆదివారం అమీన్‌పూర్ తీసుకెళ్ళి చూపిస్తాడట. ఎవరి దగ్గరైనా బైనాక్యులర్ ఉంటే ఒక్కపూట ఇస్తారా?