ఎపాక్సీ గట్టిపడింది కానీ పైన జిడ్డు పోవట్లేదు, రెండో కోటు వేయొచ్చా?

బల్సాబోటు_వైజాగ్:
అందరికీ నమస్తే. బల్సా అనే తేలిక చెక్కతో ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) బోటు హల్, అంటే బోటు డొప్ప, కట్టి పైన 49 జీఎస్ఎం (చదరపు మీటరుకి 49 గ్రాముల) గ్లాస్ క్లాత్ పరిచి ఎపాక్సీ (రెసిన్‌లో హార్డెనర్ కలిపి పూసేది) పూశా. ఇక్కడ ఒకటే వాన, రాత్రి పూస్తే పొద్దుటికి గట్టిపడింది గానీ చెయ్యి పెడితే కొవ్వొత్తి రాసినట్టు జిడ్డుగా ఉంది. హార్డెనర్ తక్కువైందంటారా? రెండో కోటులో కాస్త ఎక్కువ కలిపితే కింది పొర కూడా సెట్ అవుతుందా? ఇంకోటి, డెక్ కింద థర్మాకోల్ దిమ్మ పెట్టి దానిమీదా ఫైబర్ వేద్దామనుకుంటున్నా, వాటర్ ట్యాంకుల రిపేరుకి వాడే రెసిన్ చవగ్గా దొరుకుతోంది, అది పనికొస్తుందా?

రెక్కలరావు:
ముందు గోరుతో గట్టిగా నొక్కి చూడండి. గాటు పడకపోతే లోపల బాగానే సెట్ అయినట్టు, పైనున్నది అమైన్ బ్లష్. గాలిలో తేమ, కార్బన్ డయాక్సైడ్ హార్డెనర్‌తో కలిసి అలా పొరలా తేలుతుంది. అది నీళ్లకే పోతుంది, థిన్నర్‌ని నమ్ముకోవద్దు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరు, అంతే. బాగా ఆరాకే 220 నంబరు శాండ్‌పేపర్ పట్టండి, కడక్కుండా రుద్దితే పేపర్ జిడ్డుతో నిండిపోద్ది, ఆ బ్లష్ గీతల్లోకి దిగి తర్వాత పెయింట్ పొరలు పొరలుగా లేస్తుంది.

గోరు దిగితే మాత్రం కొలత తేడా వచ్చినట్టే, మెత్తగా ఉన్నదంతా గీకేయాల్సిందే. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందన్నది పాలిస్టర్ రెసిన్ వాడేవాళ్ల అలవాటు, ఎపాక్సీలో రెసిన్‌కి ఎంత కావాలో అంతే పడాలి, మిగిలింది లోపలే ఉండిపోయి మెత్తబరుస్తుంది. ఎల్‌వై 556 రెసిన్, హెచ్‌వై 951 హార్డెనర్ జత అయితే బరువులో 100కి 10. మన బోటుకి కలిపేది 20 గ్రాములు, దానికి 2 గ్రాములు, అందులో అర గ్రాము తేడా అంటే పావు వంతు! నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ కాటా కొనండి, మూతలతో కొలవొద్దు.

గాలిపటం77:
థర్మాకోల్ మీద ఆ రెసిన్ వద్దు బ్రో! ట్యాంకులకి వాడేది మామూలుగా పాలిస్టరే, అందులో స్టైరీన్ ఉంటుంది, పూసిన కాసేపటికే దిమ్మ కరిగి గుంట పడుతుంది. ఎపాక్సీ అయితే ఏమీ కాదు. చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ (నేయకుండా తరిగిన గ్లాస్ పోగులు అతికించిన షీటు) కూడా కొనకు, దాన్ని పట్టి ఉంచే బైండరు మామూలుగా స్టైరీన్‌కే కరుగుతుంది, ఎపాక్సీలో సరిగా నానదు. నేసిన క్లాతే తీసుకో.

మోడల్‌మాస్టారు:
వానాకాలం రాత్రిళ్లు పూయకండి, పొద్దెక్కాక మొదలుపెట్టి, మొదటి కోటు ఇంకా వేలికి అంటుతుండగానే రెండోది వేసేస్తే మధ్యలో కడగడం, రుద్దడం రెండూ తప్పుతాయి. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే వదలదు, తర్వాత కాస్త తగిలినా దద్దుర్లే. చేతికంటితే సబ్బుతో కడుక్కోండి, థిన్నర్ వద్దు. శాండింగ్ తడిపి చేయండి, ఎన్95 మాస్కు పెట్టుకుని.

బల్సాబోటు_వైజాగ్:
గోరు దిగలేదండీ, బ్లషే! కానీ కడిగితే నీళ్లు బల్సాలోకి పోవా?

రెక్కలరావు:
ఎపాక్సీ నిండుగా పట్టిన చోట పోవు. లోపలి వైపు ఇంకా పూయలేదుగా, కుళాయి కింద పెట్టకుండా గుడ్డ తడిపి పిండి తుడవండి, నీళ్లు మార్చుకుంటూ.