డార్విన్, కకడు: జులైలో అమ్మానాన్నలతో ఐదు రోజులు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

ఆకివీడు అబ్బాయి:
మెల్‌బోర్న్‌లో ఉంటాం. అమ్మానాన్న మూడు నెలలకి వచ్చారు. సిడ్నీ, గ్రేట్ ఓషన్ రోడ్ అయిపోయాయి. "ఈ చలి మావల్ల కాదురా, ఎండ ఉన్నచోటికి తీసుకెళ్లు" అంటున్నారు. ఉత్తరాన డార్విన్‌కి టికెట్లు చూస్తున్నాను, అక్కడి నుంచి కకడు నేషనల్ పార్కుకి. ఇద్దరు చిన్నపిల్లలు, అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి తీసుకోవాల్సిందేనా? మొసళ్లనగానే అమ్మకి ఇప్పటినుంచే టెన్షన్.

డార్విన్ బాబాయ్:
ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. జులై అయితే హాయిగా తిరగొచ్చు. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు దాదాపు ఉండవు. పగలు 30 డిగ్రీలు దాటినా చెమట పట్టదు. అక్టోబరు, నవంబరులో మాత్రం రావద్దు. మబ్బు పడుతుంది, ఉరుముతుంది, వాన మాత్రం సరిగ్గా రాదు. ఇక్కడివాళ్లు బిల్డప్ అంటారు. రోహిణి కార్తెలో కరెంటు పోయిన మధ్యాహ్నం గుర్తుందా, అదే.

బండి సంగతి: డార్విన్ నుంచి పార్కు లోపలి జబీరు ఊరు సుమారు 250 కిలోమీటర్లు, అంతా తారు రోడ్డే. అక్కడి నుంచి ఆదివాసుల రాతి బొమ్మలున్న ఉబిర్, బురుంగ్కుయ్ (పాత మ్యాపుల్లో నౌర్లాంజీ), పడవ ఎక్కే కూయిండా, మూడింటికీ మామూలు కారు చాలు. జిమ్ జిమ్ జలపాతం లాంటి చోట్లకే ఫోర్ వీల్ కావాలి. అక్కడ చివర్లో దాదాపు కిలోమీటరు బండరాళ్ల మీద ఎక్కుతూ దిగుతూ నడవాలి. అమ్మగారితో వద్దు.

రాళ్లదారి:
జిమ్ జిమ్ మీద నా ఏడుపు వినండి. ఆగస్టు చివర్లో వెళ్లాం. ఫోర్ వీల్ అద్దె రెండింతలు, ఒళ్లు హూనం. తీరా చూస్తే కొండ ఉంది, మడుగు ఉంది, జలపాతం లేదు! నీళ్లు ఉరికే వానాకాలంలో దారి మునిగి ఉంటుంది, దారి తెరిచేసరికి నీళ్లు సన్నబడతాయి. మా ఫ్రెండ్ ఫిబ్రవరిలో జబీరు నుంచి చిన్న విమానంలో పైనుంచి చూసొచ్చాడు. వాడు తెలివైనవాడు.

కెమెరా మెడలో:
ఒక్కటే చూసే టైముంటే కూయిండాలో ఎల్లో వాటర్ పడవ ఎక్కండి. అదీ తెల్లవారుజాముదే, మధ్యాహ్నంది కాదు. నీటి మీద పొగమంచు, తామరాకుల మీద జకానా పిట్ట. కాలివేళ్లు ఎంత పొడవంటే, ఆకు మునిగేలోపే పక్క ఆకు మీదికి అడుగేస్తుంది. గుంపులుగా మాగ్‌పై బాతులు, ఎర్రకాళ్ల జబీరు కొంగ, చెట్టు చివర తెల్లపొట్ట సముద్రపు గద్ద. మేం చూస్తుండగానే, దుంగ అనుకున్నది కళ్లు మూసి తెరిచింది. పడవ గట్టు నుంచి కదలకముందే! అమ్మగారి మోకాళ్లకి కూడా ఇదే సుఖం, రెండు గంటలు కూర్చోవడమే. స్వెట్టర్ మర్చిపోవద్దు.

ఒంగోలు గిత్త:
చీకటి పడ్డాక కారు తీయొద్దు. దయచేసి. మేం సూర్యాస్తమయం చూసి ఉబిర్ నుంచి జబీరుకి వస్తుంటే వాలబీ ఒకటి అడ్డంగా దూకింది. మాకేం కాలేదు, బంపరు పోయింది. ఊరి బయట రాత్రిపూట జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదని అద్దె కాగితంలో చిన్నక్షరాల్లో ఉందట. మొత్తం మేమే కట్టాం. ఇంకోటి, వరసగా ట్రైలర్లు తగిలించిన రోడ్ ట్రెయిన్ లారీలు 50 మీటర్లు దాటి కూడా ఉంటాయి. దాటేముందు మన లారీ లెక్క వేసుకోవద్దు.

ఆకివీడు అబ్బాయి:
మరి ఉబిర్ సూర్యాస్తమయం ఎలా? అందరూ అదే చెబుతున్నారు కదా.

డార్విన్ బాబాయ్:
జబీరులోనే బస చేయండి, దాదాపు 40 కిలోమీటర్లు. అద్దె కాగితం ముందే చదవండి. లేదా టూర్ బస్సులో వెళ్లండి. స్కూలు సెలవులు కాబట్టి గది ఇప్పుడే బుక్ చేసుకోవాలి. పైకి ఎక్కే చివరి ముక్క కాస్త నిటారు. అమ్మగారు కింద బొమ్మల దగ్గరే కూర్చోవచ్చు. చేప లోపలి ఎముకలు కూడా కనపడేలా గీస్తారు.

బొమ్మలంటే బురుంగ్కుయ్ కూడా వదలొద్దు. అక్కడ మెరుపు మనిషి నమర్‌గాన్ ఉంటాడు. మోచేతులకి, మోకాళ్లకి రాతి గొడ్డళ్లు. వాటిని మబ్బులకేసి కొడితే ఉరుము. ఆ బొమ్మని నయొంబోల్మి అనే పెద్దాయన 1960ల్లో మళ్లీ గీశాడు. వాన ముందు కనిపించే నారింజ, నీలం రంగుల మిడతలు మెరుపు మనిషి పిల్లలని ఇక్కడి ఆదివాసులు చెబుతారు. ఈ పార్కు వాళ్ల నేల, కొన్నిచోట్లకి వెళ్లొద్దన్న బోర్డు ఉంటే దాటకండి.

మొసలి భయం:
అమ్మగారికి టెన్షన్ ఉండటమే మంచిది! 1971లో వేట ఆపినప్పుడు డార్విన్ ఉన్న ఈ నార్తర్న్ టెరిటరీలో ఉప్పునీటి మొసళ్లు దాదాపు 3,000 అని అంచనా, ఇప్పుడు లక్ష దాకా అంటారు. పేరుకే ఉప్పునీరు, నదుల్లో, మంచినీటి మడుగుల్లో కూడా ఉంటాయి. గట్టుకి కనీసం 5 మీటర్లు దూరం. మా మామగారు "కాళ్లు కడుక్కుని వస్తా" అని మడుగు వైపు నడిస్తే మా ఆవిడ వేసిన కేక ఇంకా చెవిలో ఉంది. పిల్లలకి ఈత కావాలంటే లిచ్‌ఫీల్డ్ పార్కులో బ్యూలీ రాక్‌హోల్, అదీ ఆరోజు తెరిచి ఉందో లేదో చూసుకుని. దారిలో పలకల్లా నిలబడ్డ చెదపుట్టలు చూడండి. అన్నీ ఉత్తర దక్షిణాలుగానే ఉంటాయి, ఎండ తగ్గించుకోవడానికి.

ఉబిర్ దగ్గరే కాహిల్స్ క్రాసింగ్. నది నీళ్లు పైనుంచి పారే కాజ్‌వే రోడ్డు. పోటు ఎక్కేటప్పుడు చేపలు ఎదురొస్తాయి, మొసళ్లు నోళ్లు తెరుచుకుని వరసగా నిలబడతాయి. పోటు టైము చూసుకుని వెళ్లి పైన కట్టిన ప్లాట్‌ఫాం నుంచి చూడండి. అవతల ఆదివాసుల నేల ఆర్నెమ్ ల్యాండ్, పర్మిట్ లేకుండా వెళ్లకూడదు.

కెమెరా మెడలో:
ఎవరూ అడగలేదు కానీ చెబుతా. ఇక్కడి ఉత్తర తీరంలో చింతచెట్లు ఉన్నాయి! బ్రిటిష్‌వాళ్లు రాకముందే ఇండోనేషియాలోని మకస్సార్ నుంచి సముద్ర దోసకాయల (కాయలు కాదు, తినే సముద్ర జీవులు) కోసం పడవల్లో వచ్చినవాళ్లు తెచ్చిన చింతపండు గింజల నుంచి మొలిచినవట.

ఆకివీడు అబ్బాయి:
వెళ్లొచ్చాం. జబీరులో మూడు రాత్రులు, మామూలు కారు, చీకట్లో కారు తీయలేదు, ఉబిర్‌కి టూర్ బస్సు. కాహిల్స్ దగ్గర అమ్మ పదకొండు మొసళ్లు లెక్కపెట్టింది, ఇంకో గంట ఉందామంది! కూయిండాలో బారమండి తెప్పిస్తే నాన్న ఒక ముద్ద తిని "ఇది మన పండుగప్పేరా" అన్నారు. నిజమే, ఒకే చేప. చెరువుల మీద బతికిన మనిషి కదా, కిలోకి ఎంత పడుతుందో సర్వర్‌ని అడిగి లెక్కలేస్తూ కూర్చున్నారు.

రాళ్లదారి:
ఫొటోలు పెట్టండి బ్రదర్.

ఆకివీడు అబ్బాయి:
నాన్న ఫోన్‌లో ఉన్నాయి. సగం అడవి గేదెలవే. 1820ల్లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలేసిన జాతి అని గైడ్ చెప్పాడు. "పాలు పితికేవాళ్లు లేరా వీటికి?" అని మూడుసార్లు అడిగారు.