కొబ్బరి పొట్టు కుప్ప మగ్గడం లేదు, నల్లనీళ్లు కారుతున్నాయి

లంకతోట: అంబాజీపేట వైపు పీచు మిల్లు పొట్టు, ఒక టన్ను. యూరియా 5 కిలోలు, ప్లూరోటస్ (పొట్టుని మగ్గబెట్టే పుట్టగొడుగు) స్పాన్, అంటే దాని విత్తనం, 5 సీసాలు పడ్డాయి. 20 రోజులైనా ఎర్రగానే ఉంది. అడుగున నల్లనీళ్లు, పైన అమోనియా ఘాటు. లోపం ఎక్కడండీ?

పీచుమిల్లు: లెక్క సరిపోయింది, వేసిన తీరు చూడాలి. 5 మీటర్లు, 3 మీటర్ల నీడపట్టున 100 కిలోల పొట్టు పరిచి ఒక సీసా స్పాన్ చల్లాలి. దానిమీద మరో 100 కిలోలు, ఆపైన ఒక కిలో యూరియా. ఇలా మార్చి మార్చి పది వరసలు, మీటరు ఎత్తు. యూరియా ఒక్కచోటే కుమ్మరిస్తే ఆ ఘాటుకి స్పాన్ మాడిపోద్ది. ఇక తడి. పిడికిట నొక్కితే వేళ్ల సందుల్లో చెమ్మ తేలాలి, ధార కట్టకూడదు. నీళ్లు కారుతున్నాయంటే వాటితోపాటే మీ యూరియా కూడా పోతోంది. కుప్ప విప్పి, పొడి పొట్టు కలిపి, తిరగెయ్యండి. వానాకాలమైతే టార్పాలిన్ పందిరిలా కట్టాలి గానీ కుప్పకి చుట్టెయ్యకూడదు.

మట్టిపరీక్ష: ఆకుపచ్చ బూజు ఉందా? ఉంటే అది ట్రైకోడెర్మా అనే వేరే బూజు కావచ్చు. అలవాటు కొద్దీ దాన్ని కూడా కలిపేస్తుంటారు. అది ప్లూరోటస్‌ని తినేస్తుంది. రెండిట్లో ఒకటే వాడాలి.

లంకతోట: అక్కడక్కడ ఉందండీ, ఆయ్.

కడియం_నర్సరీ: స్పాన్ గొడవ సరే, ఉప్పు చూశారా? కొబ్బరి డొక్కలు సముద్రపోటు నీళ్లలో నానినవైతే మగ్గినా ఉప్పు పోదు. పైగా కుప్ప నలభై శాతం దాకా తగ్గిపోయేసరికి, మిగిలిన దాంట్లో ఉప్పు పాలు పెరుగుతుంది. కడగడం ముందే, మంచినీళ్లతో. నారు ట్రేలకు కొనేవాళ్లు ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 0.5 లోపు అడుగుతారు. అయితే ఒకటికి ఒకటిన్నర వంతు నీళ్లు పోసి తీసిన అంకె వేరు, ఐదు వంతులు పోసి తీసింది వేరు. ఏ పద్ధతో అడగకుండా అంకె నమ్మొద్దు. కడిగిన ఎర్రనీళ్లు చేపల చెరువులోకి, పంటకాలువలోకి వదలకండి, వగరు దిగుతుంది.

లంకతోట: మగ్గడం అయ్యిందో లేదో తెలిసేదెలా?

మట్టిపరీక్ష: పచ్చి పొట్టులో కార్బన్, నత్రజని 112కి 1 పాళ్లలో ఉంటాయి, మగ్గాక 24కి 1 దగ్గరికి వస్తాయి. ల్యాబు అందకపోతే పెసలు 20 గింజలు దీంట్లో, 20 మామూలు మట్టిలో నాటి చూడండి. మొలక తగ్గినా, ఆకు పసుపెక్కినా ఇంకా పచ్చే. అలాంటిది చేనుకేస్తే ఉన్న నత్రజనిని కూడా సూక్ష్మజీవులే లాగేసుకుంటాయి.

కడియం_నర్సరీ: మగ్గింది కుండీల మిశ్రమంలో అయిదో వంతు చాలు. కాపుకొచ్చిన కొబ్బరి చెట్టుకైతే 5 కిలోలకు తగ్గకుండా పాదులో వెయ్యండి.